నాగార్జున కోసం చూసిన కార్గిల్ సినిమా

2003 డిసెంబరులో కార్గిల్ యుద్ధం మీద తీసిన హిందీ సినిమా ‘ఎల్‌ఓసీ కార్గిల్’ వచ్చినప్పుడు నాగార్జున ఉన్నారన్న ఒక్క మాట మీద నాన్నను ఒప్పించి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు వెళ్లాను. నాలుగు గంటలు దాటిన సినిమాలో ఆయన కనిపించింది కాసేపే. ఇంటికొచ్చే దారంతా అలిగే ఉన్నాను.

మొన్న రాత్రి మళ్లీ చూశాను. సినిమాగా ఇప్పటికీ నచ్చలేదు. ఒక ముఖం గుర్తుండేలోపే మరొకటి వచ్చేస్తుంది. ఇంటి జ్ఞాపకం, పాట, కాల్పులు, మళ్లీ ఇంటి జ్ఞాపకం.

కానీ నాగార్జున వేసిన పాత్ర ఎవరిదో ఈసారి వెతికి చదివాను. మేజర్ పద్మపాణి ఆచార్య, మన హైదరాబాద్ మనిషి. సైన్యంలోని 2 రాజ్‌పుతానా రైఫిల్స్ బెటాలియన్‌లో కంపెనీ కమాండర్. 1999 జూన్ 28న కార్గిల్ కొండల్లోని తోలోలింగ్ ప్రాంతంలో శత్రు బంకర్ల మీదికి దళాన్ని నడిపించారు. గాయాలతో కదల్లేని స్థితిలో, తనను వదిలి ముందుకు వెళ్లమని జవాన్లను ఆదేశించి, తాను కాలుస్తూనే ఉన్నారు. మరణానంతరం, యుద్ధంలో చూపిన ధైర్యానికి ఇచ్చే రెండో అత్యున్నత పురస్కారం మహావీర్ చక్ర ప్రకటించారు. అప్పటికి ఆయన భార్య గర్భవతి. పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బేలా ఆమెకు రోజుకో మహాభారత కథ చెప్పమని తండ్రికి రాసిన చివరి ఉత్తరంలో కోరారు. ఆ వాక్యం చదివాక చాలాసేపు నిద్రపట్టలేదు.

ఇంతటి మనిషికి అన్ని గంటల సినిమాలో ఆ కాస్త చోటేనా? ఆయన మీద తెలుగులో పూర్తి సినిమా రావాలి. తీసేవాళ్లు దయచేసి యుద్ధంతో కాదు, ఆ ఉత్తరంతో మొదలుపెట్టండి.