తనంతట తానే మోగే వయొలిన్

నిన్న నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో మ్యూజియం స్పీల్‌క్లాక్ చూశాను. బ్యూర్‌కెర్క్ అనే పాత చర్చిలో ఉంటుంది. మనిషి వేళ్లు తగలకుండా తమంతట తామే మోగే పాతకాలపు వాద్యాలే అన్నీ.

ముందు మ్యూజిక్ బాక్సుల దగ్గర ఆగిపోయాను. ఇత్తడి సిలిండర్ మీద సన్నని ముళ్లు. అది తిరుగుతుంటే ఒక్కో ముల్లు ఉక్కు దువ్వెన పళ్లను మీటుతుంది. ఒక్కో పన్ను ఒక్కో స్వరం. ఒక్క ముల్లు పక్కకు జరిగినా పాట చెడిపోతుంది. ఎంత ఓపిక కావాలో!

నన్ను కదిలించింది మాత్రం జర్మనీలోని లైప్‌జిగ్‌లో హుప్‌ఫెల్డ్ కంపెనీ చేసిన ఫోనోలిస్ట్ వయొలీనా. పియానో మీద నగిషీ చెక్క బీరువా, లోపల మూడు వయొలిన్లు. వాటి చుట్టూ గుర్రపు వెంట్రుకలు బిగించిన గుండ్రటి కమాను తిరుగుతుంటుంది. స్వరం కావలసినప్పుడు వయొలినే ముందుకు వంగి కమానుకు ఆనుతుంది. ఏది ఎప్పుడు వంగాలో చిల్లులు పొడిచిన కాగితం చుట్ట చెబుతుంది. అది మోగుతుంటే నా కళ్లు చెమర్చాయి, నిజంగా.

వీధుల్లో మోగించే, గొట్టాల్లోకి గాలి ఊది పలికే వీధి ఆర్గన్లూ ఉన్నాయి, ముందంతా రంగులు, చెక్క బొమ్మలు. నా దృష్టిలో ఆ చెక్కడం పాటతో సమానం.

చిన్నప్పుడు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో నాన్న భుజాలెక్కి, గడియారంలోంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టడం చూశాను. సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి ఆ వయొలిన్ వీడియో వినిపించాను. "మళ్లీ పెట్టమ్మా" అన్నారు.