జేఆర్‌ఎఫ్ వచ్చింది: ఒక తప్పు జవాబు, రెండు నోటు పుస్తకాలు

మొన్న ఫలితాలు వచ్చాయి. యూజీసీ నెట్ పరీక్షలో, పొలిటికల్ సైన్స్‌లో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్. స్కోరు కార్డు మూడుసార్లు తెరిచి చూసుకుని నాన్నకు ఫోను చేస్తే, ఆయన మొదట అడిగింది "ఈసారి నెలనెలా డబ్బులిస్తారా?" అని. ఇస్తారు నాన్నా, ఇస్తారు.

తోటి అభ్యర్థులు చాలామంది అనుభవం రాయమన్నారు. సిలబస్, పేపర్ పద్ధతి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నాలుగో యూనిట్ తులనాత్మక రాజకీయాలు, అందులోనూ ఆఫ్రికా దేశాల ఎన్నికలు, పార్టీల గురించే రాస్తాను. వంద ప్రశ్నల్లో అక్కడి నుంచి వచ్చేవి ఎన్ని అంటారా? తక్కువే. కానీ నేను పడిందీ లేచిందీ అక్కడే.

2024 డిసెంబరు రెండో వారం. అప్పటికి నాకు నెట్ అర్హత ఉంది, ఫెలోషిప్ లేదు. ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పిలిచారు. పార్టీ వ్యవస్థల మీద పరిశోధన చేస్తానని ప్రతిపాదనలో గొప్పగా రాసుకున్నాను. బల్లకు అటువైపు నలుగురు. చివర కూర్చున్న మేడం ఆ కాగితాలు పక్కన పెట్టి, "ఆఫ్రికాలో ఈ మధ్య పాలక పార్టీ ఓట్లతో అధికారం పోగొట్టుకున్న దేశం ఒకటి చెప్పమ్మా" అన్నారు.

కాసేపు తడుముకున్నా బాగుండేది. టక్కున చెప్పేశాను. "దక్షిణాఫ్రికా మేడం. అక్కడి పాలక పార్టీ ఏఎన్‌సీ."

"ఇప్పుడు అక్కడ అధ్యక్షుడు ఎవరు?"

"రమఫోసా."

"ఆయనది ఏ పార్టీ?"

నోట మాట రాలేదు. ఆయనదీ ఏఎన్‌సీయే. మేడం నవ్వలేదు, కోప్పడలేదు. "మెజారిటీ పోవడం వేరు, అధికారం పోవడం వేరు" అని, టీ కప్పు మీది మూత తీసుకున్నారు. మిగతా ముగ్గురూ ఏవో అడిగారు, నేనూ ఏవో చెప్పాను. సీటు రాలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఫోను తీసి చూస్తే సిగ్గుతో తల వంగిపోయింది. అక్టోబరు 30న బోట్స్వానాలో, 1966లో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచీ పాలిస్తున్న బీడీపీ ఓడిపోయింది. నవంబరు 10న మారిషస్‌లో పాలక కూటమి మట్టికరిచింది. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న దేశమది, కనీసం అదైనా గుర్తుండాలి. ఇక డిసెంబరు 7న ఘనాలో పాలక ఎన్‌పీపీ ఓడి, మాజీ అధ్యక్షుడు మహామా మళ్లీ గెలిచారు, అంటే ఇంటర్వ్యూకి కొద్ది రోజుల ముందే! ఆరు వారాలు తిరగకుండా మూడు సరైన జవాబులుంటే, నేను వెతికి మరీ నాలుగోది, తప్పుది చెప్పాను.

ఎందుకంటే నేను చదివింది పేర్లు. నా పాత నోటు పుస్తకంలో మూడు గడులుండేవి: దేశం, పార్టీ, పుట్టిన సంవత్సరం. ఏఎన్‌సీ 1912. టాంజానియా సీసీఎం 1977. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ పార్టీలు ఎలా గెలుస్తాయో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

మలుపు జనవరిలో వచ్చింది, నైజీరియా 1979 ఎన్నిక చదువుతుండగా. అక్కడ అధ్యక్షుడు కావాలంటే అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే చాలదు, మూడింట రెండు వంతుల రాష్ట్రాల్లో కనీసం పాతిక శాతం చొప్పున ఓట్లు రావాలి. అప్పుడున్న రాష్ట్రాలు 19. క్యాలిక్యులేటర్ మీద కొట్టి చూడండి, 12.67 వస్తుంది. ఓట్లలో ముందున్న అభ్యర్థి షెహూ షగారీకి 12 రాష్ట్రాల్లో పాతిక శాతం దాటింది, 13వదైన కానోలో రాలేదు. మరి కావలసింది పదమూడు రాష్ట్రాలా, పన్నెండు రాష్ట్రాలూ ఇంకోదానిలో మూడింట రెండు వంతులా? ఓ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి రెండు ముక్కల్లో ఓట్లు లెక్కపెట్టడమేమిటని రీడింగ్ రూంలో ఒక్కదాన్నే నవ్వాను. ప్రత్యర్థి అవలోవో కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు షగారీ గెలుపునే ఖాయం చేసింది. ఇప్పుడు రాష్ట్రాలు 36 కాబట్టి లెక్క 24కి నిక్కచ్చిగా తెగుతుంది. దాంతో 2023లో గొడవ రాజధాని అబూజా మీదికి మళ్లింది, అక్కడా పాతిక శాతం తప్పనిసరా కాదా అని.

ఆ రాత్రే పాత పుస్తకం అటకెక్కింది. కొత్తదానిలో దేశానికో పేజీ, ప్రతి పేజీ నెత్తిన ఒకే ప్రశ్న: ఇక్కడ గెలుపు అంటే ఏమిటి?

దక్షిణాఫ్రికా పేజీ మొదట రాశాను, కసిగా. 400 సీట్లు, జాబితాల పద్ధతి, దామాషా ప్రాతినిధ్యం, అంటే పార్టీకి వచ్చిన ఓట్ల వాటాను బట్టి సీట్లు. 2024లో ఏఎన్‌సీకి 40.18 శాతం ఓట్లు, 159 సీట్లు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ప్రజలు కాదు, జాతీయ అసెంబ్లీ. అందుకే ప్రధాన ప్రతిపక్షం డీఏతో చేయి కలిపి రమఫోసా నిలబడ్డారు. ఎదుటి పేజీలో బోట్స్వానా. మనలాగే ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినవారిదే గెలుపు. ఓట్లలో రెండో స్థానంలో ఉన్న బీడీపీకి దక్కినవి నాలుగే సీట్లు. మేడం అడిగింది పక్కపక్కనున్న ఈ రెండు పేజీల మధ్య తేడానే.

తర్వాత లెసోతో. 1998లో ఒక పార్టీ 60 శాతం ఓట్లతో 80కి 79 సీట్లు ఎగరేసుకుపోయింది. అల్లర్లు చెలరేగాయి, పొరుగు దేశాల సైన్యాలు దిగాయి. 2002 నుంచి 80 సీట్లకు 40 దామాషా సీట్లు కలిపారు. మిశ్రమ పద్ధతి అనగానే జర్మనీ, న్యూజీలాండ్ అని రాసి ఊరుకునేవాళ్లు ఈ ఒక్క పేజీ చదవండి. ఎన్నికల పద్ధతికీ పార్టీల సంఖ్యకూ ఉన్న లంకె గురించి రాసిన పండితులు డువెర్జే, సార్టోరి ఎందుకు తలలు పట్టుకున్నారో మీకే తెలుస్తుంది.

మిగతా ప్రిపరేషన్‌లో విశేషమేమీ లేదు. అన్ని సబ్జెక్టులవాళ్లకూ ఉమ్మడిగా ఉండే పేపర్ వన్‌కు రోజూ గంట, పాత ప్రశ్నపత్రాలు, ఆదివారం మాక్ టెస్టు. అంతే.

ఒక్క మాట మాత్రం అనాలి. "నీకు ఉద్యోగం లేదు, పెళ్లి కాలేదు, కాబట్టి కుదిరింది" అన్నారు కొందరు. కుదిరింది, కాదనను. కానీ రీడింగ్ రూం తాళం తీసే అబ్బాయి వచ్చేసరికే నేను మెట్ల మీద కూర్చుని ఉండేదాన్ని. ఫోనులో అరగంట అనుకుని రెండు గంటలు వీడియోలు చూసి, తర్వాత సమయం లేదని బాధపడే వాళ్లకు నేనేం చెప్పగలను? నేనూ ఒక ఏడాది అలా పోగొట్టుకున్నదాన్నే. నా పెళ్లికి, కానో ఓట్లకు సంబంధం లేదు.

నోటు పుస్తకం జిరాక్స్ అడుగుతున్నారు, ఇస్తాను. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ పేజీలు మాత్రం సరిగా పడవు. అక్కడ సైన్యం వచ్చి కూర్చుంది. ఎన్నికలెప్పుడో తెలియక ఆ మూడూ పెన్సిల్‌తో రాశాను.