ఒక తండ్రికి వీటో, ఇంకో తండ్రికి చీవాట్లు

1967లో వచ్చిన ‘గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్’ మళ్లీ చూశాను. ఒక తెల్లమ్మాయి పెళ్లి చేసుకోబోయే నల్ల డాక్టర్‌ని శాన్‌ఫ్రాన్సిస్కోలోని పుట్టింటికి తీసుకొస్తుంది, రాత్రి భోజనాల లోపు పెద్దవాళ్లు అవునో కాదో తేల్చాలి, కథ అంతే.

డాక్టర్ ప్రెంటిస్‌గా సిడ్నీ పోయిటియర్. అతని చదువులు, ప్రొఫెసర్ ఉద్యోగాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థలో హోదా వింటుంటే మన మ్యారేజ్ బ్యూరో వాళ్లు కూడా అంత బయోడేటా చూసుండరనిపిస్తుంది. రంగు తప్ప వంక పెట్టడానికి ఇంకేమీ మిగలకూడదని దర్శకుడు స్టాన్లీ క్రేమర్ కావాలనే అలా రాయించుకున్నాడు. సరే, మరి మామూలు గుమాస్తా అయితే? ఆ ప్రశ్న సినిమా వేసుకోదు.

నన్ను అసలు గుచ్చింది వేరే సంగతి. అమ్మాయికి తెలియకుండా ప్రెంటిస్ ఆమె తల్లిదండ్రులతో, మీరు మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే ఈ పెళ్లి ఉండదని చెప్పేస్తాడు. అదే మనిషి, ఉత్తరాల సంచి మోసి పెంచిన సొంత తండ్రి వద్దంటే మాత్రం, మీ తరం మొత్తం పోతే తప్ప మా వీపు మీద బరువు దిగదని అరుస్తాడు. ఇదేం న్యాయం? తెల్ల తండ్రికి వీటో, నల్ల తండ్రికి చీవాట్లు! పైగా ఆ ముసలాయన చెప్పింది చాదస్తమేమీ కాదు, పదహారు పదిహేడు రాష్ట్రాల్లో ఈ పెళ్లి నేరమంటాడు, షూటింగ్ నాటికి అది అక్షరాలా నిజం. ఆ ఏడాది జూన్‌లో, తెల్ల-నల్ల పెళ్లిళ్ల నిషేధం మీద నడిచిన లవింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాలు చెల్లవని తీర్పిచ్చింది, సినిమా మాత్రం డిసెంబర్‌లో వచ్చింది.

చివర్లో అందరినీ కూర్చోబెట్టి అమ్మాయి తండ్రిగా వేసిన స్పెన్సర్ ట్రేసీ పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. (ఆ సీన్ తీసిన కొద్దిరోజులకే ఆయన చనిపోయాడు, అందుకే దాన్ని తిట్టడానికి నోరు రాదు.) కానీ కొత్త తరం గురించి తీసిన సినిమాలో ఆఖరి తీర్పు ముసలి తెల్లాయనదే, అది అయ్యాక ఆయన నల్ల పనిమనిషి టిల్లీని డిన్నర్ ఎప్పుడు పెడతావని అడుగుతాడు, సినిమా అయిపోతుంది.

అదే ఏడాది ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’లో ఒక తెల్ల భూస్వామి చెంప మీద కొడితే పోయిటియర్ ఆలోచించకుండా తిరిగి కొడతాడు. ఒకప్పుడైతే నిన్ను కాల్పించేవాణ్ణని గింజుకోవడం తప్ప ఆ ముసలాయన ఏమీ చెయ్యలేకపోతాడు. తరం మారిందని నాకు ఆ దెబ్బతోనే తెలిసింది, అంత పెద్ద ఉపన్యాసంతో కాదు. ఉత్తమ చిత్రం ఆస్కార్ ఈ రెండో సినిమాకే వచ్చింది, ఉత్తమ నటుడు పోలీస్ చీఫ్‌గా వేసిన రాడ్ స్టైగర్, పోయిటియర్‌కి కనీసం నామినేషన్ కూడా లేదు.