తమ్ముడి డీడీ-214 మీద ఆ ఒక్క లైను

అమెరికా ఆర్మీలో పనిచేసి బయటికొచ్చిన ప్రతి మనిషి చేతికీ ఒక కాగితం ఇస్తారు. దాని పేరు డీడీ-214. ఎప్పుడు చేరాడు, ఎక్కడెక్కడ పనిచేశాడు, ఏ మెడల్స్ వచ్చాయి, ఎందుకు బయటికొచ్చాడు, అన్నీ అందులోనే ఉంటాయి. ఉద్యోగానికి వెళ్ళినా, కాలేజీలో చేరాలన్నా ముందు అదే చూపించమంటారు. మా తమ్ముడి కాగితంలో అడుగున ఇలా ఉండేది: డిశ్చార్జ్ రకం జనరల్, అండర్ హానరబుల్ కండిషన్స్. కారణం మిస్‌కాండక్ట్, డ్రగ్ అబ్యూజ్. రీఎంట్రీ కోడ్ 4, అంటే మళ్ళీ ఆర్మీ గడప తొక్కడానికి వీల్లేదని.

మాది ఖమ్మం. నేను పదో తరగతి అయ్యాక నాన్న ఉద్యోగం మీద టెక్సస్ వచ్చేశాం. తమ్ముడు అప్పటికి చిన్నపిల్లాడు. 2016లో, కాలేజీకి వెళ్ళాల్సిన వయసులో, ఆర్మీలో చేరతానన్నాడు. అమ్మ ఏడ్చింది, నాన్న మాట్లాడటం మానేశాడు, అయినా చేరాడు. 2018లో అఫ్గానిస్తాన్ పంపారు. వాడున్న బేస్ మీద రాకెట్లు పడేవని మాకు చాలాకాలం తర్వాత తెలిసింది. తిరిగొచ్చాక వాడికి నిద్ర పట్టడం మానేసింది. గంజాయి తాగితే రెండు గంటలైనా కన్ను మూతపడుతుందని ఎవరో చెబితే మొదలుపెట్టాడు. గంజాయి కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధమే అయినా సైన్యంలో ఎక్కడా కాదు. ఒకరోజు పై అధికారి యూరిన్ టెస్టుకు పంపాడు, పాజిటివ్ వచ్చింది. 2020లో ఇంటికి వచ్చేశాడు.

డిశ్చార్జ్‌లలో అన్నిటికంటే పైది హానరబుల్, దాని తర్వాతిది జనరల్. అంటే మరీ అధ్వాన్నమేమీ కాదు. దానికంటే కింద అదర్ దాన్ హానరబుల్ ఉంది, ఇంకా కింద కోర్ట్ మార్షల్, అంటే సైనిక కోర్టు ద్వారా వచ్చేవి ఉన్నాయి. జనరల్‌తో వీఏ, అంటే మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ, ఆసుపత్రికి వెళ్ళొచ్చు, డిజేబిలిటీకి అప్లై చేసుకోవచ్చు. కానీ చదువుకు డబ్బిచ్చే జీఐ బిల్ మాత్రం రాదు, దానికి హానరబుల్ ఉండాల్సిందే. మూడేళ్ళకు పైగా పనిచేసినవాడికి 36 నెలల చదువు ఖర్చు పూర్తిగా వచ్చేది, ఆ ఒక్క లైనుతో పోయింది. ఒక గోడౌన్‌లో నైట్ షిఫ్టుకు కుదిరాడు. చుట్టాలు అడిగితే నాన్న "ఆర్మీ మానేశాడండీ" అని మాట మార్చేసేవాడు.

"ఆరు నెలలాగితే దానంతట అదే హానరబుల్‌గా మారిపోతుందంట అక్కా" అన్నాడు తమ్ముడు. వాడితో బయటికొచ్చిన వాళ్ళందరూ అదే నమ్మారు. అదొక పుకారు. దానంతట అది ఏదీ మారదు, మనం అడగాలి. డిశ్చార్జ్ అయిన 15 ఏళ్ళలోపు అయితే డీడీ-293 అనే ఫారంతో డిశ్చార్జ్ రివ్యూ బోర్డును అడగొచ్చు. 15 ఏళ్ళు దాటినా, జనరల్ కోర్ట్ మార్షల్ తీర్పు మీద వచ్చిన డిశ్చార్జ్ అయినా డీడీ-149తో రికార్డులు సరిచేసే బోర్డుకు వెళ్ళాలి. వీఏ వెబ్‌సైట్‌లో కొన్ని ప్రశ్నలకు జవాబులిస్తే మన కేసుకు ఏ ఫారమో, ఎక్కడికి పంపాలో చెప్పే పేజీ ఉంది. నేను అక్కడే మొదలుపెట్టాను.

లాయర్లను అడిగితే వేలల్లో చెప్పారు. ఒకాయన అయితే కాగితాలేవీ చూడకుండానే గ్యారంటీ ఇచ్చాడు. ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. అమెరికన్ లీజియన్, డీఏవీ లాంటి మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు డబ్బు తీసుకోకుండా సాయం చేస్తారు, కొన్ని లా కాలేజీల్లో మాజీ సైనికుల కోసం క్లినిక్‌లు ఉన్నాయి. మాకు అలాంటి ఒక క్లినిక్‌లో చోటు దొరికింది. అక్కడి లాయరమ్మ చెప్పిన మొదటి మాట ఇప్పటికీ మర్చిపోలేను: "ఫారం తర్వాత నింపుదాం, ముందు వాడి ఫైలు మొత్తం తెప్పించండి."

ఫైలు కోసం నేషనల్ ఆర్కైవ్స్‌కు అర్జీ పెట్టాలి, దాని మీద సంతకం సైనికుడే పెట్టాలి. ఆ సంతకానికి తమ్ముడు చాలా రోజులు తిప్పాడు. "అందులో ఏముందో నాకు తెలుసు అక్కా, మళ్ళీ చదవాలా?" అనేవాడు. నేను బలవంతపెట్టలేదు. ఒక ఆదివారం తనే వచ్చి పెట్టాడు. మెడికల్ రికార్డులు వీఏ నుంచి విడిగా తెప్పించాం.

నేను అకౌంటెంట్‌ని. కాగితాలు చదవడం నా పని. ఫైలు రాగానే డైనింగ్ టేబుల్ మీద పరిచి ఒక్కో పేజీ చూస్తూ వెళ్ళాను. డిశ్చార్జ్ నోటీసు, హక్కుల ఫారం మీద వాడి సంతకం, మానసిక పరీక్ష రిపోర్టు, ఇద్దరు పై అధికారుల సిఫారసులు. ఆరేళ్ళ సర్వీసు లేనివాళ్ళకు జనరల్ ఇచ్చి పంపేటప్పుడు బోర్డు ముందు వాదించుకునే హక్కు ఉండదట. రాతపూర్వకంగా ఏమైనా చెప్పుకోవచ్చు. వాడు ఏమీ చెప్పుకోనని టిక్ పెట్టేశాడు.

వాటి మధ్యలో ఒక పేజీ ఉంది. టెస్టుకు పంపిన శాంపిళ్ళ పట్టిక, డీడీ-2624. మిగతా వాళ్ళ నంబర్లన్నీ నల్లగా కొట్టేసి, వాడి వరుస ఒక్కటే వదిలారు. పక్కన చిన్న గడిలో రెండక్షరాలు: సీ, ఓ. అప్పటికే నేను ఆర్మీ రివ్యూ బోర్డు పాత తీర్పులు చాలా చదివి ఉన్నాను. పేర్లు తీసేసి ఆ తీర్పులన్నీ అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెడతారు. రాత్రి పిల్లలు పడుకున్నాక అవే చదివేదాన్ని. వాటిలో ఈ రెండక్షరాలు పదేపదే కనిపించాయి.

విషయం ఏమిటంటే, ఆర్మీలో యూరిన్ టెస్టు ఎందుకు చేశారన్నదానికి ఒక్కో కోడ్ ఉంటుంది. యూనిట్ అంతటికీ తనిఖీగా చేస్తే ఒకటి, బలమైన అనుమానంతో చేస్తే ఇంకొకటి. సీఓ అంటే, మనిషి డ్యూటీకి ఫిట్‌గా ఉన్నాడో లేడో చూడటానికి అధికారి చేయించిన టెస్టు. ఆ టెస్టు ఉద్దేశం మనిషిని కాపాడటం, అవసరమైతే చికిత్సకు పంపడం. అందుకే ఏఆర్ 600-85 అనే ఆర్మీ రెగ్యులేషన్ దానికి రక్షణ ఇచ్చింది, లిమిటెడ్ యూజ్ అంటారు. ఆ ఫలితం చూసి ఉద్యోగం నుంచి తీసెయ్యొచ్చు. కానీ ప్రభుత్వమే దాన్ని డిశ్చార్జ్ ఫైల్లో పెడితే మాత్రం ఇవ్వాల్సింది హానరబుల్ డిశ్చార్జే.

ఆ పేజీ ఫోటో తీసి లాయరమ్మకు పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్ చేసింది. "ఇది వాళ్ళే పెట్టారా ఫైల్లో?" అని రెండుసార్లు అడిగింది. వాళ్ళే పెట్టారు. వాడి యూనిట్‌లో ఎవరూ ఆ గడి వైపు చూడలేదు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళు వాడు తలొంచుకుని తిరిగింది ఈ కాగితం వల్ల.

అంత బలమైన పాయింట్ దొరికాక ఇంకేం అక్కర్లేదు కదా అనుకోవచ్చు. లాయరమ్మ ఒప్పుకోలేదు. బోర్డు రెండు కోణాల్లో చూస్తుంది: నిబంధనల ప్రకారం జరిగిందా, న్యాయంగా జరిగిందా. కోడ్ సంగతి మొదటిదానికి. అది డిశ్చార్జ్ రకాన్ని మార్చగలదు గానీ "డ్రగ్ అబ్యూజ్" అన్న కారణాన్ని తియ్యదు. కారణం మారాలంటే రెండోది కూడా నిలబెట్టాలి. పైగా అప్పట్లో అధికారులు చేసింది సరిగ్గానే చేశారని బోర్డు ముందుగానే అనుకుంటుంది, కాదని చూపించాల్సిన భారం మనదే.

ఇక్కడే 2017 ఆగస్టు 25 నాటి ఒక మెమో మాకు ఆధారమైంది. రక్షణ శాఖ ఇచ్చింది, కర్టా మెమో అంటారు. పీటీఎస్‌డీ (యుద్ధం లాంటి భయానక అనుభవాల తర్వాత మనసుకు వచ్చే జబ్బు), తలకు దెబ్బ, లైంగిక దాడి లాంటివి ఉన్న మాజీ సైనికుల అర్జీలను ఉదారంగా చూడమని బోర్డులకు చెప్పింది. నాలుగు ప్రశ్నలు వేసుకోమంది: అలాంటి సమస్య ఉందా, అది సర్వీసులో ఉండగానే ఉందా, చేసిన తప్పుకు అది నిజంగా కారణమవుతుందా, తప్పు కంటే అది బరువైనదా. మత్తుకు అలవాటుపడటం కూడా ఆ జబ్బుకు ఒక ఆధారం కావచ్చని అందులో ఉంది. గంజాయి వాడకాన్ని దశాబ్దాల కిందట చూసినంత తీవ్రంగా ఈ రోజు చూడక్కర్లేకపోవచ్చని కూడా ఉంది. డ్రగ్స్ కేసు అనగానే ఎవరూ వినరనుకుని ఊరుకునేవాళ్ళు ఈ మెమో ఒక్కసారి చదవాలి.

అందుకని ముందు వీఏలో పీటీఎస్‌డీకి డిజేబిలిటీ క్లెయిమ్ వేయించాం. ఆ జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని వీఏ తేల్చింది. వీఏ మాట బోర్డు వినితీరాలని లేదు గానీ, దానికి విలువ ఇవ్వాలని అదే మెమో చెబుతుంది. మెడికల్ రికార్డుల్లో ఇంకోటి కూడా దొరికింది. టెస్టుకు కొన్ని నెలల ముందే నిద్ర పట్టడం లేదని వాడు బేస్ ఆసుపత్రికి వెళ్ళాడు. మాత్రలిచ్చి పంపేశారు.

తర్వాత ఉత్తరాలు. డాక్టర్ల రిపోర్టులే కాదు, ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, కలిసి పనిచేసినవాళ్ళు చూసింది రాసినా సాక్ష్యమే. వాడితో అఫ్గానిస్తాన్‌లో ఉన్న సార్జెంట్ రెండు పేజీలు రాశాడు. నేనొకటి రాశాను. అమ్మ ఇంగ్లీషులో రాయలేనంది. "తెలుగులోనే రాయమ్మా, నేను ఇంగ్లీషు చేస్తా" అన్నాను. రూళ్ళ కాగితం మీద ఇలా రాసింది: "సెలవు మీద వచ్చినప్పుడు మా చిన్నోడు మంచం మీద పడుకోలేదు. బట్టల అల్మరా గదిలో కింద పడుకున్నాడు. ఎందుకు నాన్నా అంటే అక్కడ కిటికీ లేదన్నాడు. దిష్టి అనుకుని ఎండుమిరపకాయలు తీసి పొయ్యిలో వేశాను. వాడు ముందు అట్లా ఉండేవాడు కాదు." ఒక్క మాట మార్చకుండా ఇంగ్లీషు చేసి, అమ్మ రాతతో కలిపి జతచేశాను. లాయరమ్మ ఫైల్లో దాన్ని అన్నిటికంటే ముందు పెట్టింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మా తమ్ముడికి సిటిజన్‌షిప్ నాన్న ద్వారా చిన్నప్పుడే వచ్చింది. గ్రీన్ కార్డుతో చేరి, సర్వీసు ద్వారానే సిటిజన్ అయిన మనవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మొత్తం ఐదేళ్ళు గౌరవప్రదంగా పనిచేయకముందే అదర్ దాన్ హానరబుల్ మీద బయటికొస్తే ఆ సిటిజన్‌షిప్‌ను వెనక్కి తీసుకునే వీలు చట్టంలో ఉంది. అలాంటి నోటీసు చేతికొస్తే దేని మీదా సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ తెలిసిన లాయర్‌తో మాట్లాడండి.

అర్జీని కాగితాల మీదే తేల్చమనొచ్చు, లేదా మనమే హాజరై మాట్లాడతామనొచ్చు. మేం మాట్లాడతామన్నాం. తారీఖు రావడానికి ఏడాది దాటింది. విచారణ వీడియోలో. బోర్డులో ఐదుగురు. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు, చేతులు మాత్రం టేబుల్ కింద నలుపుకుంటూనే ఉన్నాడు. లాయరమ్మ కోడ్ సంగతి చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. మిగతా టైమంతా వాళ్ళు వాణ్నే అడిగారు. సాయం ఎందుకు అడగలేదని ఒకరన్నారు. "అడిగాను సర్, మాత్రలిచ్చారు. మళ్ళీ వెళ్తే నన్ను పనికిరానివాడిగా రాస్తారేమోనని భయపడ్డాను" అన్నాడు. తాగలేదని బుకాయించలేదు, యూనిట్ మీద నోరు పారేసుకోలేదు. ఇప్పుడేం చేస్తున్నావని అడిగితే వీఏలో కౌన్సెలింగ్, గోడౌన్ పని, గంజాయి మానేసిన సంగతి చెప్పాడు. చివర్లో ఒకావిడ అమ్మ ఉత్తరం గురించి అడిగింది. వాడు జవాబు చెప్పలేకపోయాడు, ఆవిడ కాసేపు ఆగి, ఫరవాలేదంది.

తీర్పు కొన్ని నెలలకు వచ్చింది. డిశ్చార్జ్ హానరబుల్. కారణం మిస్‌కాండక్ట్, మైనర్ ఇన్‌ఫ్రాక్షన్స్ అని మార్చారు. "డ్రగ్" అన్న మాట పోయింది. రీఎంట్రీ కోడ్ 4 నుంచి 3 అయ్యింది. కొత్త డీడీ-214 వచ్చిన రోజు నాన్న దాన్ని చాలాసేపు చదివి, ఖమ్మంలో ఉన్న మా పెదనాన్నకు తనే ఫోన్ చేసి మొదట్నుంచీ అంతా చెప్పాడు. గంజాయి సంగతితో సహా.

తమ్ముడు జీఐ బిల్‌కు అప్లై చేశాడు. 2013 తర్వాత బయటికొచ్చినవాళ్ళకు దానికి గడువు లేదు కాబట్టి పోగొట్టుకున్న ఏళ్ళు అడ్డం రాలేదు. కమ్యూనిటీ కాలేజీలో ఎలక్ట్రికల్ కోర్సులో చేరాడు. కాగితం మీద "మిస్‌కాండక్ట్" అన్న మాట ఇంకా ఉంది. దాన్ని కూడా తీయించడానికి రికార్డుల బోర్డుకు వెళ్దామని నేనంటాను, చాల్లే అక్కా అని వాడంటాడు. డీడీ-149 సగం నింపి ఉంచాను, మిగతా సగం వాడు సరేనన్నప్పుడు.