తెరుచుకునే లింకులతోనే తంటా

మా సాఫ్ట్‌వేర్ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో పాత లింకులు మార్చే పని ఈమధ్య నా మీద పడింది. డాక్యుమెంటేషన్ తయారుచేసే టూల్ స్ఫింక్స్‌లో, లింకులు పరీక్షించే లింక్‌చెక్ నడిపితే తెగిపోయినవి వెంటనే బయటపడతాయి. పేజీ వేరేచోటికి మారితే కొత్త అడ్రస్, అసలే లేకపోతే పాత వెబ్ పేజీలను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ కాపీ. అంతే.

అసలు టెన్షన్ చక్కగా తెరుచుకునే లింకులతో. వెబ్ పేజీలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి హెచ్‌టీటీపీ ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా, దాని నియమాలు చెప్పే 1999 నాటి ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2616 లింకే ఉంది. 2014లోనే దాని స్థానంలో ఆరు కొత్త పత్రాలు వచ్చాయి. 2022లో వాటికి బదులు 9110, 9111, 9112 వచ్చాయి. పాత పేజీ మాత్రం ఇప్పటికీ నిక్షేపంగా తెరుచుకుంటుంది కాబట్టి టూల్ కిక్కురుమనదు. పోనీ నంబర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా? ‘పేజీ దొరకలేదు’ అని చెప్పే 404 కోడ్ వివరణ అప్పట్లో సెక్షన్ 10.4.5, ఇప్పుడు 15.5.5. ప్రతి పేరా చదవాల్సిందే.

రివ్యూలో ఒకాయన ‘లింకులే కదా’ అన్నారు. మిగతా సగం ఆయనకే అప్పజెప్పాను.