నార్సెట్: గుండె, ఊపిరితిత్తుల ప్రశ్నలు నాకు మురుగు డ్రైను దగ్గర అర్థమైన కథ

అందరికీ నమస్తే. మాది అంబాజీపేట పక్కన ఒక పల్లెటూరు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయ్యాక అమలాపురంలో ఒక ప్రైవేటు హాస్పిటల్ ఐసీయూలో చేరాను. జీఎన్ఎం వాళ్ళకి నార్సెట్ (ఎయిమ్స్ పెట్టే నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాల పరీక్ష) రాయడానికి 50 పడకల హాస్పిటల్లో రెండేళ్ళ అనుభవం అడుగుతారు కదా, ఆ సర్టిఫికెట్ కోసమే చేరాను. నిజం చెప్పాలంటే అప్పట్లో డ్యూటీ వేరు, చదువు వేరు అనుకునేదాన్ని. రాత్రంతా పేషెంట్లతో ఉండి, పొద్దున్న ఇంటికొచ్చి అవే జబ్బులు పుస్తకంలో కొత్తగా బట్టీ పట్టేదాన్ని.

మొదటిసారి ప్రిలిమ్స్‌లోనే పోయింది. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, ఒక్కో తప్పుకి మూడో వంతు కోత. ఖాళీ వదిలితే ఏదో పాపం అన్నట్టు 100కి 100 నొక్కి వచ్చాను. ఇంటికొచ్చి గుర్తున్నంతలో లెక్కేసుకుంటే 54 రైటు, 46 తప్పు. తప్పులు 15 మార్కుల పైన మింగేశాయి, చేతిలో మిగిలింది 39 కూడా లేదు. ఎక్కువ పోయింది ఏ పిల్లల నర్సింగ్‌లోనో, సైకియాట్రీలోనో అయితే బాధ ఉండేది కాదు. రోజూ నేను పనిచేసే గుండె, ఊపిరితిత్తుల దగ్గరే పోయాయి.

రక్తంలో ఉండాల్సిన నార్మల్ విలువలన్నీ నాకు నోటికి వచ్చు. పీహెచ్ 7.35–7.45, కార్బన్ డయాక్సైడ్ 35–45, బైకార్బొనేట్ 22–26, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కానీ ప్రశ్న అలా రాదు. "నర్సు ముందుగా ఏం చేయాలి?" అని వస్తుంది. ఆప్షన్లు నాలుగూ మనం రోజూ చేసే పనులే, నాలుగూ కరెక్టే అనిపిస్తాయి. ఆ "ముందుగా" దగ్గర నేను బోల్తా పడ్డాను.

అది ఎక్కడ దారికొచ్చిందో చెప్తాను. కార్తీకమాసంలో ఒక రాత్రి, మూడు దాటింది. లంక నుంచి ఒక పెద్దాయనని పడవ దాటించి, ఆటోలో తెచ్చారు. ఆటో కడ్డీ రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట, పెదాలు నల్లబడ్డాయి, నోట్లోంచి గులాబి రంగు నురగ. రక్తంలో ఆక్సిజన్ స్యాచురేషన్ 74. నేను ఈసీజీ మెషీన్ లాక్కొచ్చి, లీడ్స్ పెట్టడానికి వీలుగా ఉంటుందని మంచం తల భాగం దించేశాను. ఆయన నన్ను ఒక్క తోపు తోసి లేచి కూర్చున్నాడు. అంత ఓపిక ఎక్కడ్నుంచి వచ్చిందో! మా సీనియర్ సిస్టర్ పరిగెత్తుకొచ్చి, "పడుకోబెడితే చంపేసినట్టేనే, కూర్చోబెట్టి కాళ్ళు కిందకి వేలాడదియ్యి" అని ఒక అరుపు అరిచింది. కూర్చోబెట్టాం, ఆక్సిజన్ పెట్టాం, డాక్టర్ గారు లేసిక్స్ (ఒంట్లో నీరు యూరిన్‌లోకి తీసే మందు) ఇవ్వమన్నారు, ఎన్టీజీ (రక్తనాళాలు వదులు చేసే నైట్రోగ్లిజరిన్) మొదలైంది, తర్వాత బైపాప్ (మాస్కుతో గాలి నెట్టే మెషీన్). తెల్లారేసరికి యూరిన్ బ్యాగు నిండింది. ఆయన టీ అడిగాడు.

పుస్తకంలో నేను అండర్‌లైన్ చేసుకున్న లైనే అది: అక్యూట్ పల్మనరీ ఎడీమా (ఊపిరితిత్తుల్లో హఠాత్తుగా నీరు చేరడం), హై ఫౌలర్స్ (నిటారుగా కూర్చోబెట్టడం), కాళ్ళు కిందకి. అయినా చేతులు వేరే పని చేశాయి.

ఆ పొద్దున్న ఇంటికొచ్చేసరికి మా చేను మునిగి ఉంది. నాన్న గట్టు మీద నిలబడి తిడుతున్నారు. "మురుగు డ్రైను సముద్రంలో కలిసే మొగ దగ్గర పూడిపోయింది, పైగా సముద్రం పోటు మీదుంది. కిందకి పోలేని నీళ్ళు ఎక్కడికి పోతాయమ్మా? ఎగదన్ని మన చేలోకే వస్తాయి." 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వినిపించిన గోడులో ఈ మురుగు డ్రైన్ల మాటా ఉంది, డెల్టా వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. నిద్ర కళ్ళతో నేను ఆ నీళ్ళకేసి చూస్తూ, ఇదే కదా రాత్రి చూసింది అనుకున్నాను. ఎడమ జఠరిక డ్రైను మొగ. అది నెట్టలేకపోతే రక్తం ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. ఊపిరితిత్తులు మునిగిన చేను. అదే కుడివైపు చేతులెత్తేస్తే ఇంకా పైకి ఎగదన్నుతుంది: మెడ నరాలు ఉబ్బుతాయి, కాలేయం పెరుగుతుంది, కాళ్ళు నీరు పడతాయి.

ఇక మందులు వాటంతట అవే వరసలోకి వచ్చాయి. కాళ్ళు కిందకి వేలాడదీయడం, ఎన్టీజీ ఇవ్వడం అంటే పై తూము కాస్త దించడం, గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. లేసిక్స్ అంటే ఇంజను పెట్టి తోడటం. తోడిన నీళ్ళతో పొటాషియం కూడా కొట్టుకుపోతుంది. ఆ పేషెంటు డిగాక్సిన్ అనే గుండె మందు మీద ఉంటే పొటాషియం తగ్గిన కొద్దీ డిగాక్సిన్ విషమవుతుంది. అందుకే గుండె మీద స్టెత్ పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టడం, 60 కన్నా తక్కువుంటే డోసు ఆపి డాక్టర్‌కి చెప్పడం, పసుపు, ఆకుపచ్చ వలయాలు కనిపిస్తున్నాయా అని అడగడం. అంతకుముందు ఇవి నాకు ఐదు వేర్వేరు పాయింట్లు.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ప్రాక్టీస్ పేపర్లో "ముందుగా" అని కనపడగానే ఆప్షన్లు అరచేత్తో మూసేసి, ఆ పేషెంటుని మా ఐసీయూ మూడో బెడ్ మీద కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు నేను తలుపు దగ్గర ఉన్నాను, ఆర్డరు లేకుండా నా చేత్తో ఏం చేయగలను? అది అనుకున్నాకే చెయ్యి తీసేదాన్ని. మొదట్లో ఒక్కో ప్రశ్నకి రెండు నిమిషాలు పట్టేది, చికాకేసేది. నెల తిరిగేసరికి అరనిమిషానికి వచ్చింది.

గుండెపోటు దగ్గర సమయాలు బట్టీయే, దానికి దారి లేదు. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ, క్లాట్ కరిగించే మందుకి 30 నిమిషాలు, యాంజియోప్లాస్టీకి 90. ఆ కరిగించే మందు స్ట్రెప్టోకైనేజ్ అయితే 15 లక్షల యూనిట్లు గంటలో. కానీ మెలికలు ఇక్కడే పెడతారు. ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్టీ అనే గీత పైకి లేస్తే గుండె కింది గోడ పోటు, కుడి జఠరిక కూడా దెబ్బతిందేమో చూడాలి. అలాంటివాళ్ళకి బీపీ తక్కువగా ఉన్నప్పుడు ఎన్టీజీ ఇస్తే కూలబడిపోతారు. మొగవాళ్ళని సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకున్నారా అని ఎన్టీజీకి ముందు అడగడం కూడా అందుకే, రెండూ కలిస్తే బీపీ పడిపోతుంది. మన దగ్గర భార్య పక్కనుండగా ఆ ముక్క అడగడం ఎంత కష్టమో మీకూ తెలుసు. పరీక్షలో మాత్రం మొహమాటపడకండి.

ఐసీడీ బాటిల్ (ఛాతీలో చేరిన గాలి, రక్తం ట్యూబుతో బయటికి తీసే బాటిల్) గురించి నాలుగు రకాలుగా అడుగుతారు, నాకు నాలుగూ ఒక్క పేషెంటు నేర్పాడు. దింపు కార్మికుడు, కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు, పక్కటెముకలు విరిగి ఛాతీలోకి గాలి, రక్తం చేరాయి. ట్యూబు వేశాక బాటిల్లో బుడగలు చూసి, "సిస్టర్ గారండీ, ఇది మా చెరువు ఏరేటర్ లాగుందండి" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఆయన పట్టుకున్నదే అసలు పాయింటు. దగ్గినప్పుడు నాలుగు బుడగలొస్తే సరే, ఏరేటర్ లాగా ఆగకుండా వస్తుంటే ఎక్కడో లీకు. గొట్టంలో నీరు ఊపిరితో పాటు పైకీ కిందకీ ఊగాలి. ఊగడం ఆగితే రెండే కారణాలు: ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుంది, లేదా ట్యూబు మడత పడి మూసుకుపోయింది. సీటీకి తీసుకెళ్ళేటప్పుడు అటెండెంట్ బాటిల్ ఎత్తి స్ట్రెచర్ మీద, ఆయన కాళ్ళ మధ్య పెట్టేశాడు. పరిగెత్తుకెళ్ళి కిందకి దించాను. ఛాతీ కన్నా పైకి లేస్తే బాటిల్లో నీరు వెనక్కి వెళ్తుంది. తీసుకెళ్ళేటప్పుడు ట్యూబుకి క్లాంప్ కూడా వేయకూడదు, లోపల గాలి చేరి ఊపిరితిత్తిని, గుండెని నొక్కేస్తుంది, అదే టెన్షన్ న్యూమోథొరాక్స్. బాటిల్ పగిలితే ట్యూబు కొన స్టెరైల్ వాటర్లో 2 సెంటీమీటర్లు ముంచాలి. ట్యూబే ఛాతీలోంచి ఊడొస్తే గాజ్ గుడ్డ పెట్టి మూడు వైపులే ప్లాస్టర్ వేయాలి. ఈ చివరి రెండూ నేను కళ్ళతో చూడలేదు, చూడాలని కూడా లేదు.

సీఓపీడీకి (ఏళ్ళ తరబడి పొగ వల్ల ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు) ఒక్కటే చెప్తాను. చుట్ట తాగి తాగి వచ్చిన తాతలకి స్యాచురేషన్ 88–92 చాలు. బంధువులు మానిటర్ చూసి "ఇంకా పెంచండమ్మా, 90 దగ్గరే ఉంది" అంటారు. ఆప్షన్లలో కూడా ఆ బంధువులు ఉంటారు, వినకండి. ఆస్తమా పేషెంటుకి పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోతే తగ్గినట్టు కాదు, గాలే ఆడట్లేదని. ఇక మానిటర్ మీద గీత చదునుగా కనిపిస్తే ముందు పేషెంటుని చూడాలి, లీడ్ ఊడి ఉండొచ్చు. నిజంగా అసిస్టోల్ (గుండె పూర్తిగా ఆగిపోవడం) అయితే షాక్ లేదు, చేతులు ఛాతీ మీద ఉండాలి.

ఏబీజీలు (పీహెచ్, కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ చూసే రక్తపరీక్ష) బస్సులో చేసేదాన్ని. పాత రిపోర్టుల్లో పేరు, నంబరు ఉన్న ముక్క చింపేసి, అంకెలు మాత్రం చీటీల మీద రాసుకుని రోజుకి పది. టైమ్‌టేబుల్ అంటూ పెద్దగా లేదు. నైట్ డ్యూటీ దిగి పడుకుని, మధ్యాహ్నం లేచి మూడు గంటలు. ఆప్టిట్యూడ్ 20 ప్రశ్నలకి రోజూ ఓ అరగంట.

నాకు కొరకరాని కొయ్య మందుల లెక్కలు. ఎన్టీజీ రెండు యాంప్యూళ్ళు 50 మిల్లీగ్రాములు, సెలైన్ కలిపి 50 ఎంఎల్ చేశాం. నిమిషానికి 10 మైక్రోగ్రాములు వెళ్ళాలంటే పంపు మీద ఎంత పెట్టాలి? డ్యూటీలో కళ్ళు మూసుకుని గంటకి 0.6 ఎంఎల్ పెట్టేదాన్ని, ఎందుకంటే సీనియర్ సిస్టర్ అదే పెట్టేది. మొదటి పరీక్షలో ఇలాంటి లెక్కకే 0.01 నొక్కొచ్చాను. అందుకని రెండోసారి పరీక్షకి చదివేటప్పుడు డ్యూటీలో సెట్ చేసే ప్రతి పంపుకీ గ్లవ్స్ పెట్టె అట్ట మీద లెక్క వేసి గానీ బటన్ నొక్కలేదు. 250 ఎంఎల్‌లో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) 25,000 యూనిట్లు ఉంటే గంటకి 1,000 యూనిట్లు అంటే 10 ఎంఎల్, ఇలా. ఈ ఒక్క పనీ మీరు రేపట్నుంచే చేయొచ్చు.

రెండోసారి సెంటర్ కాకినాడ. నాన్నా నేనూ తెల్లవారుజామున బయల్దేరి ఎదుర్లంక వంతెన మీదుగా వెళ్ళాం. 82 పెట్టి 18 వదిలేశాను. లేవబోతూ ఆ 18లో రెండు నొక్కాలని చెయ్యి ఒకటే లాగింది, మౌస్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ప్రిలిమ్స్ దాటింది, తర్వాత మెయిన్స్ కూడా.

నా నోట్సు రెండు లాంగ్ బుక్కులు ఇప్పుడు మా ఐసీయూలో కొత్తగా చేరిన అమ్మాయి దగ్గరున్నాయి. మొన్న రాత్రి రెండింటికి ఫోన్ చేసింది. "అక్కా, ఈ 0.6 ఎక్కడ్నుంచి వచ్చింది? నాకు 0.01 వస్తోంది."

"నిమిషానికి అన్నాడా, గంటకి అన్నాడా చూడు" అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. "ఆఁ, 60తో" అని పెట్టేసింది.