మూడు వేల డాలర్లు, ఒక పాత నోవా: నా అనుభవం

ఒహాయోకు వచ్చిన తొమ్మిదో ఏట 1972 నాటి షెవ్రలే నోవా కొన్నాను. రెండు తలుపుల కూపే, 350 ఘనపుటంగుళాల వి8 ఇంజన్, మూడు గేర్ల ఆటోమేటిక్. ముందు గ్రిల్లు మీద ‘ఎస్ఎస్’ (సూపర్ స్పోర్ట్, నోవాలో జోరు రకం) బిళ్ల ఉంది గానీ అది తర్వాత ఎవరో అంటించిందే. 1972 నాటి షెవ్రలే వాహన గుర్తింపు సంఖ్యలో (వీఐఎన్) ఐదో అక్షరం ఇంజన్ ఏదో చెబుతుంది. నా బండికి అది ‘హెచ్’, అంటే గాలీ పెట్రోలూ కలిపే రెండు గొంతుల కార్బ్యురేటర్‌తో వచ్చిన 165 హార్స్‌పవర్ ఇంజన్. అసలు ఎస్ఎస్‌కు నాలుగు గొంతుల కార్బ్యురేటర్, 200 హార్స్‌పవర్. ఆ తేడా తెలిసే, దానికి తగిన ధరకే కొన్నాను.

165 అంటే చాలామంది పెదవి విరుస్తారు. ఇదే ఇంజన్‌కు 1971లో చెప్పుకున్న అంకె 245. ఏడాదిలో ఇంజన్ మారలేదు, కొలత మారింది. అంతకుముందు ఇంజన్‌ను విడిగా బల్ల మీద బిగించి, ఫ్యాను, సైలెన్సర్ వంటి బరువులేవీ లేకుండా కొలిచేవారు. 1972 నుంచి అవన్నీ తగిలించి, బండిలో ఉన్నట్టే కొలిచిన అంకె ఇస్తున్నారు. ఈ సంగతి తెలిశాక నా కారు మీద నాకు గౌరవం పెరిగింది.

మొదటి విడత మార్పులకు నేను పక్కన పెట్టగలిగింది 3,000 డాలర్లు. కాగితం మీద పైన రాసుకున్న మొదటి వస్తువు, వాల్వులను తెరిచి మూసే పెద్ద క్యామ్‌షాఫ్ట్. నిలబడి ఉన్నప్పుడు కూడా దడదడలాడే ఆ శబ్దం కోసమే ఈ కార్లను ఇష్టపడినవాణ్ణి, ఇంకేం రాస్తాను! మా పక్కింటి పెద్దాయన మెషిన్ షాపులో పనిచేసి విరమించిన మనిషి. కాగితం చూసి, ఈ ఇంజన్ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే నిష్పత్తి) ఎంత, వెనక యాక్సిల్‌లో గేరు నిష్పత్తి ఎంత అని అడిగారు. కంప్రెషన్ 8.5, గేరు 3.08, రెండూ తక్కువే. అలాంటప్పుడు పెద్ద క్యామ్ వేస్తే వాల్వులు ఎక్కువసేపు తెరుచుకుని ఉండి, తక్కువ వేగంలో ఉన్న కాస్త పట్టూ పోతుందని వివరించారు. ఆ క్యామ్ బలం చూపేది ఇంజన్ బాగా తిరిగినప్పుడు. 3.08 గేరుతో ఊరి రోడ్ల మీద ఇంజన్ అంత వేగానికి చేరేదే అరుదు. క్యామ్‌షాఫ్ట్‌ను కొట్టేశాను.

తర్వాతి వారం ఒక కూడలి దగ్గర గట్టిగా బ్రేకు తొక్కాల్సి వచ్చింది. కారు కుడివైపుకు లాగేసి అంచుకు ఒరుసుకుని ఆగింది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. విప్పి చూస్తే ఎడమ ముందు చక్రంలో బ్రేకు సిలిండర్ కారి, డ్రమ్మును ఒరుసుకునే షూలన్నీ తడిసి ఉన్నాయి. టైర్లు చూడడానికి కొత్తవి, గాళ్లు లోతుగా ఉన్నాయి. పక్కన అచ్చు వేసిన అంకెలు మాత్రం 4806. అంటే 2006వ సంవత్సరం 48వ వారంలో తయారైనవి. రబ్బరు ఎండి గాజులా గట్టిపడింది. పాత కారు కొనేవారు ఎవరైనా ముందు ఈ నాలుగు అంకెలు చదవాలి. గాళ్ల లోతు టైరు వయసును చెప్పదు.

అలా డబ్బులో పెద్ద వాటా అటు వెళ్లింది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకు సామగ్రి, పెడల్ నొక్కితే బ్రేకు ద్రవాన్ని తోసే, దానికి తగ్గ మాస్టర్ సిలిండర్, ముందు వెనకల ఒత్తిడిని సర్దే వాల్వు కలిపి 780 డాలర్లు. ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ నా పాత 14 అంగుళాల చక్రాలకు తగులుతుందని తెలిసి, వాడిన 15 అంగుళాల ర్యాలీ చక్రాలు 240కి తెచ్చాను. 215/65 ఆర్15 టైర్లు నాలుగూ 540. మొత్తం 1,560. సగానికి పైగా ఖర్చయింది, ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగలేదు. ఆ రాత్రి కొంచెం దిగులుపడిన మాట నిజం. అయినా ఈరోజు మళ్లీ మొదలుపెట్టినా ఇదే వరుసలో చేస్తాను.

పాత మాస్టర్ సిలిండర్‌ను అలాగే ఉంచితే డబ్బు మిగులుతుందని అనుకునేవారికి ఒక మాట. డ్రమ్ము బ్రేకుల కోసం చేసిన సిలిండర్‌లో, పెడల్ వదిలాక కూడా గొట్టాల్లో కొంత ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ములకు అది అవసరం. డిస్కులకు అదే ఒత్తిడి తగిలితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కిపోతాయి. బ్రేకు గొట్టాల్లోని గాలి తీసేటప్పుడు మా ఆవిడ సీట్లో కూర్చుని పెడల్ నొక్కింది. "నొక్కనా?" "నొక్కు. నేను చెప్పేదాకా వదలకు." ఆ రెండు మాటలతోనే ఆదివారం మధ్యాహ్నం గడిచిపోయింది. మరలు బిగించేలోపు పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది కదా.

పెట్రోలు గొట్టాలు, ఫిల్టరు, రేడియేటర్ గొట్టాలు మార్చడానికి 110. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్‌కు ఆ కాలపు రబ్బరు తట్టుకోలేదు. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారడం చూస్తూ కూర్చోలేం. వెంటనే మార్చాల్సిన పని ఇది.

నాకు అన్నింటికన్నా ఎక్కువ నేర్పింది ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గు ఏ క్షణంలో నిప్పు వేయాలన్నది. 120 డాలర్లతో, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటు తెంపే పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టాను. డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులకు పలచని స్ప్రింగులు 15, టైమింగ్ లైటు 60. ఈ చిన్న బ్లాకు షెవ్రలే ఇంజన్లకు మొత్తం అడ్వాన్సు (పిస్టన్ పైకొసకు చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు నిప్పు పడుతుందో ఆ అంకె) 34 నుంచి 36 డిగ్రీల మధ్య నప్పుతుందని ఈ పని తెలిసినవారంతా చెబుతారు. కంపెనీ స్ప్రింగులు గట్టివి, ఆ అడ్వాన్సు చాలా ఆలస్యంగా వస్తుంది. పలచనివి వేస్తే 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) లోపే పూర్తిగా వచ్చేస్తుంది. అంటే మామూలుగా నడిపే వేగంలోనే ఇంజన్ మేలుకుంటుంది.

వాక్యూమ్ గొట్టం తీసి మూసి, పిస్టన్లు తిప్పే క్రాంకు చివరి గీత మీద టైమింగ్ లైటు వేసి, 36 దగ్గర బిగించాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌లో గులకరాళ్లు కదిలినట్టు శబ్దం. పెట్రోలు వేళ తప్పి మండే నాకింగ్. 36కే ఎందుకు వస్తుంది? రెండు రోజులు పెట్రోలును అనుమానించాను, ప్లగ్గులను అనుమానించాను. ఆ గీతే తప్పయి ఉండవచ్చునని పెద్దాయన అన్నారు. క్రాంకు చివర ఉండే బ్యాలన్సర్ రెండు ముక్కలు, మధ్యలో రబ్బరు. దశాబ్దాల తర్వాత ఆ రబ్బరు పట్టు సడలి, గీత ఉన్న బయటి వలయం జరిగిపోవచ్చు. అప్పుడు లైటు చూపేది అబద్ధం.

దాన్ని తేల్చే పద్ధతి ఎంత అందమైనదో! బ్యాటరీ తీగ తీసేశాను. ఒకటో నంబరు సిలిండర్ ప్లగ్గు తీసి, అక్కడ పిస్టన్‌ను అడ్డుకునే మొండి బోల్టు బిగించాను. క్రాంకును చేత్తో నెమ్మదిగా తిప్పి, పిస్టన్ ఆగిన చోట బ్యాలన్సర్ మీద సుద్దతో గీత పెట్టాను. వెనక్కి తిప్పి, మళ్లీ ఆగిన చోట ఇంకో గీత. రెండింటికీ సరిగ్గా మధ్య ఉన్నదే పిస్టన్ పైకొసకు చేరే అసలు చోటు. నా పాత గీత అక్కడి నుంచి ఎనిమిది డిగ్రీలు జరిగి ఉంది. 36 అనుకుంటూ 44 మీద ఇంజన్‌ను పరుగెత్తించానన్నమాట. కొత్త గీత గీసి 34కి తెచ్చాను. అదే ఎత్తు, అదే వేగం, శబ్దం లేదు. పెడల్ కొంచెం నొక్కితే చాలు, కారు ముందుకు దూకింది. జరిగిన బ్యాలన్సర్‌ను మార్చక తప్పదు, అది వచ్చే ఏడాది జాబితాలో అన్నింటికన్నా పైన ఉంది.

తర్వాత గాలి, పొగ. కార్బ్యురేటర్ ఎంత పెద్దదైతే అంత మంచిదనే భ్రమ నాకూ ఉండేది. లెక్క చాలా సులువు: ఘనపుటంగుళాలను ఆర్‌పీఎంతో గుణించి 3,456తో భాగించాలి. 350 ఇంజన్ 5,500 దాకా తిరిగితే నిమిషానికి 557 ఘనపుటడుగులు. ఇంజన్ తన కడుపు పూర్తిగా నింపుకోలేదు, 85 శాతం అనుకుంటే సుమారు 473. కాబట్టి 600 కార్బ్యురేటర్ ధారాళంగా సరిపోతుంది. 750 వేస్తే గొంతుల్లో గాలి వేగం తగ్గి, తక్కువ వేగంలో తడబాటు వస్తుంది. సిలిండర్లకు గాలి, పెట్రోలు పంచే వాడిన అల్యూమినియం డ్యూయల్ ప్లేన్ మానిఫోల్డు, 600 కార్బ్యురేటర్ కలిపి 380కి దొరికాయి. గాస్కెట్లకు 60. ఒంటి పైపు తీయించి రెండు పైపులు, రెండు సైలెన్సర్లు వేయించడానికి సైలెన్సర్ల దుకాణంలో 560 తీసుకున్నారు. ఇంజన్ నుంచి పొగను ధారాళంగా బయటికి తెచ్చే ప్రత్యేక పైపులు, హెడర్లు, వద్దనుకున్నాను. వాటి ఖర్చు, లీకుల బెడద ఈ విడతకు తగవు.

మానిఫోల్డు మార్చిన రోజు ఆయిలు కూడా మార్చాను. ఈ ఇంజన్లలో క్యామ్ లోబ్ (ఉబ్బు) మీద, వాల్వును లేపే లిఫ్టర్ నేరుగా రాసుకుంటూ తిరుగుతుంది. అందుకు జింకు, ఫాస్ఫరస్ ఎక్కువగా ఉన్న ఆయిలు కావాలి. ఇప్పటి మామూలు ఆయిళ్లలో వాటిని తగ్గించారు.

మొత్తం 2,865 అయింది, ఆయిలు ఇంటి ఖర్చులో కలిసిపోయింది. అక్టోబరులో హాకింగ్ హిల్స్ వైపు 664వ నంబరు రోడ్డు మీద నడిపాను. మలుపుకు ముందు బ్రేకు తొక్కితే కారు ముందుకు కాస్త వంగి, పక్కకు లాగకుండా వేగం తగ్గింది. మలుపు దాటి పెడల్ నొక్కితే వెనక రెండు పైపుల గొంతు గుండెల్లో తగిలింది. మా ఆవిడ రేడియో కట్టేసింది.

మిగిలిన 135 డాలర్లు ఒక కవరులో ఉన్నాయి, బ్యాలన్సర్ వాటితోనే మొదలవుతుంది. దాని తర్వాత వెనక యాక్సిల్ గేరు. నా 26 అంగుళాల టైర్లతో గంటకు 60 మైళ్ల వద్ద 3.08కి ఇంజన్ నిమిషానికి సుమారు 2,390 సార్లు తిరుగుతుంది. 3.73 వేస్తే 2,890, హైవే మీద చెవులు నొప్పి పుడతాయి. 3.42 అయితే 2,650. పెద్దాయన 3.73 వైపే ఉన్నారు. నేను కవరు మీద 3.42 అని రాసి పెట్టాను.